తాతయ్య ట్రంకు పెట్టెలో జర్మన్ గాయాల బ్యాడ్జి దొరికింది: అసలుదేనా?

సాపర్_మనవడు (విజయనగరం)

అందరికీ నమస్కారం. మా తాతయ్య మద్రాస్ సాపర్స్‌లో, అంటే సైన్యపు ఇంజనీరింగ్ దళంలో పనిచేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో 4వ ఇండియన్ డివిజన్‌తో ఇటలీ వెళ్లారు. 1944 మొదట్లో కసీనో దగ్గర ఉన్నారని ఇంట్లో అనుకోవడం విన్నాను. మొన్న పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే ఆయన ట్రంకు పెట్టె అడుగున, పే బుక్ (సైనికుడి జీతం పుస్తకం) పక్కన, గుడ్డలో చుట్టిన బ్యాడ్జి ఒకటి బయటపడింది. కోడిగుడ్డు ఆకారం. మధ్యలో ఇనప టోపీ, దాని మీద స్వస్తిక్, టోపీ వెనక అడ్డంగా రెండు కత్తులు, చుట్టూ ఆకుల దండ. రంగు బూడిద. వెనక పిన్ను ఉంది, 30 అని అంకె ఉంది. అది రెజిమెంటు నంబరా? నెట్‌లో వెతికితే 'నల్ల గాయాల బ్యాడ్జి' అని వస్తోంది. మా మావయ్య మాత్రం 'ఇలాంటివన్నీ నకిలీలేరా, పడేయ్' అంటున్నారు. అమ్మే ఉద్దేశం లేదు. అసలు ఇదేమిటో, తాతయ్య చేతికి ఎలా వచ్చిందో తెలుసుకోవాలని ఉంది.

బెజవాడ_నాణేలు (విజయవాడ)

సాపర్ మనవడు గారూ, పడేయకండి. తోమకండి కూడా. చింతపండు, నిమ్మకాయ, బ్రాసో, ఏదీ దాని దరిదాపులకు రానివ్వద్దు. పైన మిగిలిన పూత ఒక్కసారి పోయిందంటే మళ్లీ రాదు, పూతను బట్టే చాలా విషయాలు తేలతాయి.

వెనక వైపు ఫొటోలు పెట్టండి. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా. పిన్ను మొదలు, కొక్కెం, అంకె, మూడూ విడివిడిగా కావాలి. వెనక భాగం లోపలికి గుంటగా ఉందా, లేక నిండుగా చదునుగా ఉందా? అయస్కాంతం పెడితే బ్యాడ్జికి అంటుకుంటోందా, పిన్నుకు మాత్రమేనా? ఈ రెండిటికీ జవాబు చెప్తే సగం తేలిపోతుంది. ముందు వైపు ఎవరైనా బాగానే నకలు చేస్తారు. దొంగ సరుకు దొరికిపోయేది వెనక వైపే.

పాతసామాను (వరంగల్)

అన్నా, ఎర్రగడ్డ సంతల, బొంబాయి చోర్ బజార్ల గిసుంటివి మస్తు చూసిన. ఎక్కువ పోతపోసిన నకిలీలే ఉంటయి. గుర్తువట్టుడు ఎట్లనో చెప్త. అసలువి ఉక్కు అచ్చుల పెట్టి పెద్ద ప్రెస్సు కింద గుద్దినవి. టోపీ వెనక ఖాళీ జాగల సన్నటి చుక్కలు ఉంటయి చూడు, అవి ఒక్కొక్కటి విడిగ, నిక్కచ్చిగ కనవడాలె. పోతపోసిన దాంట్ల ఆ చుక్కలు కరిగి కలిసిపోయినట్టుంటయి, నడుమ నడుమ గాలిబుడగల చిన్న చిన్న రంధ్రాలు కనవడ్తయి. అంచు పొంటి ఆకురాయితోని రాసిన గీతలుంటే అనుమానపడాలె. ఆకుల దండ అంచుల మీద వేలు పెట్టి చూడు, పదును ఉండాలె.

ఇంకొకటి, కావాలని పాతగ చేసిన తుప్పు అంతటా ఒక్క తీరుగ ఉంటది. నిజంగ పాతబడిన దాని మీద చెయ్యి తగిలే జాగ నున్నగయితది, సందుల మురికి మిగుల్తది.

మ్యూనిక్_మాధవి (మ్యూనిక్)

ఉద్యోగరీత్యా ఇక్కడుంటున్నాను. ఈ బ్యాడ్జిల గురించి చాలాకాలంగా చదువుతున్నాను, కొంత చరిత్ర చెప్తాను.

గాయాల బ్యాడ్జి, అంటే యుద్ధంలో గాయపడిన సైనికుడికి ఇచ్చేది, హిట్లర్ కాలంలో పుట్టింది కాదు. 1918 మార్చి 3న, మొదటి ప్రపంచ యుద్ధం చివరి ఏడాదిలో, కైజర్ రెండో విల్‌హెల్మ్ దీన్ని ప్రవేశపెట్టాడు. అప్పటి సైన్యపు బ్యాడ్జి మీద 1916 నమూనా ఇనప టోపీ ఉంటుంది, టోపీ మీద ఏ గుర్తూ ఉండదు. నౌకాదళానిది వేరు, టోపీ బదులు లంగరు ఉంటుంది. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఫ్రాంకో తరఫున పోరాడి గాయపడిన జర్మన్ల కోసం పాత టోపీ మీదే స్వస్తిక్ చేర్చి ఇచ్చారు. 1939 సెప్టెంబరు 1న, అంటే పోలండ్ మీద దాడి మొదలైన రోజు తేదీతో, మీ దగ్గరున్న రూపం వచ్చింది. టోపీ కొత్తది, ఆకారం వేరు.

తరగతులు మూడు. ఒకటి రెండు గాయాలకు నలుపు. మూడు నాలుగు గాయాలకు వెండి రంగు. ఐదు, ఆపైన బంగారు రంగు. అయితే లెక్కకు మినహాయింపు ఉంది. ఒకే గాయంతో చెయ్యో, పాదమో, కన్నో పోతే నేరుగా వెండి రంగుది ఇచ్చేవారు. రెండు కళ్లూ పోయిన వాడికి బంగారు రంగుది. లోహం వెండీ కాదు, బంగారమూ కాదు, పూత మాత్రమే.

నల్లవి లక్షల్లో ఇచ్చారు. ఇన్నేళ్లయినా అవి తేలిగ్గా దొరకడానికి కారణం అదే. ఒక సైన్యం ఎంత రక్తం కార్చిందో లెక్క చెప్పే వస్తువు ఇది.

సాపర్_మనవడు (విజయనగరం)

ఫొటోలు జతచేశాను. వెనక చదునుగా, నిండుగా ఉంది. అయస్కాంతం పిన్నుకు మాత్రమే అంటుకుంటోంది. పొడవు 44 మిల్లీమీటర్లు, వెడల్పు 37. ఆకుల సందుల్లో, టోపీ అంచు కింద కొద్దిగా తెల్లగా మెరుస్తోంది, మిగతా అంతా బూడిదే. 30 అంకె కొక్కెం కింద ఉంది, చాలా చిన్నది.

బెజవాడ_నాణేలు (విజయవాడ)

సందుల్లో తెల్లటి మెరుపు అన్నారు చూడండి, అదే అసలు సంగతి. ఇది నల్లది కాదు, వెండి తరగతిది.

నల్లవి ఎక్కువగా పల్చటి రేకు మీద గుద్దినవి, వెనక గుంటగా ఉంటాయి. వాటిలో ఉక్కు రేకువైతే మొత్తం బ్యాడ్జికి అయస్కాంతం అంటుకుంటుంది. వెండి, బంగారు తరగతులవి మామూలుగా నిండు లోహం. యుద్ధం మొదట్లో టాంబక్ వాడారు, అది రాగి పాలు ఎక్కువున్న ఒకరకం ఇత్తడి. పూత చక్కగా పట్టేది, ఇప్పటికీ మెరుస్తుంది. తర్వాత రాగి ఆయుధాలకే చాలక బ్యాడ్జిలు జింకులోకి మారాయి. జింకు మీద వెండి పూత నిలవదు, ఏళ్లు గడిచేకొద్దీ లోహంలోకి ఇంకిపోయి బూడిద రంగు మిగులుతుంది. మీకు నల్లది అనిపించడానికి కారణం అదే. పూత ఎక్కడ బతికింది? చెయ్యి, గుడ్డ తగలని సందుల్లో. పాతసామాను అన్న చెప్పిన గుర్తుకి ఇది సరిగ్గా సరిపోతోంది.

30 రెజిమెంటు నంబరు కాదు, తయారీదారు సంఖ్య. పతకాల వ్యవహారం చూసే జర్మన్ ప్రభుత్వ కార్యాలయం, ప్రెసిడెన్షియల్ చాన్సలరీ, ఒక్కో తయారీదారుకి ఒక్కో అంకె కేటాయించింది. 1 మ్యూనిక్‌లోని డెష్లర్, 4 లూడెన్‌షైడ్‌లోని స్టైన్‌హౌయర్ ఉంట్ ల్యూక్, 65 ఈడర్-ఓబర్‌ష్టైన్‌లోని క్లైన్ ఉంట్ క్వెంట్సర్. 30 అంటే వియన్నా టంకశాల. శతాబ్దాలుగా నాణేలు కొట్టిన చోటు, ఆస్ట్రియాను జర్మనీలో కలిపేసుకున్నాక బ్యాడ్జిలూ కొట్టింది. 30 ముద్రతో వెండి తరగతి జింకు బ్యాడ్జిలు సేకర్తలందరికీ పరిచయమే. చుక్కలు స్పష్టంగా ఉన్నాయి, అంకె లోతు సమంగా ఉంది, పిన్ను మార్చిన ఆనవాలు లేదు. ఫొటోల వరకు చూస్తే నా మాట: అసలుదే.

విశాఖ_రవి (విశాఖపట్నం)

అన్నా, కొన్నిటి మీద ఎల్/11, ఎల్/16 అని ఉంటుంది కదా. 30 ముందు ఎల్ లేకపోతే తేడా ఏమిటి?

బెజవాడ_నాణేలు (విజయవాడ)

మంచి ప్రశ్న, రవీ. ఎల్ ఉన్నవి దుకాణంలో అమ్మడానికి చేసినవి. పతకాల తయారీదారుల సంఘం ఒకటుండేది, ఆ అంకెలు దానివి. ఎల్/11 డ్యూమర్, ఎల్/12 బెర్లిన్‌లోని యుంకర్, ఎల్/16 పైన చెప్పిన స్టైన్‌హౌయర్. సైనికుడు తనకిచ్చిన బ్యాడ్జి పోగొట్టుకున్నా, రెండో యూనిఫాంకి ఇంకోటి కావాలన్నా, అనుమతి పత్రం చూపించి సొంత డబ్బుతో కొనుక్కునేవాడు. ఎల్ లేని అంకె ప్రభుత్వం ఇవ్వడానికి చేయించిన దానికి. అంకె అసలే లేనివి కూడా బోలెడు, అంకె లేనంత మాత్రాన నకిలీ అయిపోదు. పైగా నకిలీ చేసేవాళ్లకి అంకెలు కొట్టడం ఇష్టం, ఎందుకంటే కొత్త సేకర్త అంకె చూసి ముచ్చటపడి కొంటాడు. అంకె, లోహం, అచ్చు, పిన్ను నాలుగూ ఒకే తయారీదారువై ఉండాలి. డ్యూమర్ అంకె ఉండి కొక్కెం ఇంకొకరి పద్ధతిలో ఉంటే వెనక్కి ఇచ్చేయాల్సిందే.

పాతసామాను (వరంగల్)

1957 సంగతి గూడ చెప్పాలె, కొత్తోళ్లు అక్కడ బోల్తవడ్తరు. మాధవి మేడమ్, మీరైతే మంచిగ చెప్తరు.

మ్యూనిక్_మాధవి (మ్యూనిక్)

చెప్తానండి. యుద్ధం అయ్యాక మిత్రరాజ్యాలు నాజీ కాలపు పతకాలు ధరించడాన్ని నిషేధించాయి. 1957 జులై 26 నాటి చట్టంతో పశ్చిమ జర్మనీ పాత సైనికులకు వాటిని పెట్టుకోవడానికి వీలిచ్చింది, స్వస్తిక్ తీసేయాలన్న షరతుతో. దాంతో అదే డిజైన్లు స్వస్తిక్ లేకుండా మళ్లీ తయారయ్యాయి. గాయాల బ్యాడ్జి 1957 రూపంలో టోపీ బోడిగా ఉంటుంది. కొందరు అమ్మేవాళ్లు దాన్ని మొదటి ప్రపంచ యుద్ధానిదని చెప్పి అంటగడతారు. టోపీ చూస్తే చాలు. 1918 దాని మీద టోపీ పక్కన చిన్న కొమ్ము లాంటి మొలక ఉంటుంది, 1957 దానికి ఉండదు.

ఇంకో మాట. జర్మనీలో ఇవి దగ్గర ఉంచుకోవడం నేరం కాదు. స్వస్తిక్‌ను నలుగురిలో ప్రదర్శించడం శిక్షాస్మృతి 86ఏ కింద నేరం. చదువుకి, పరిశోధనకి, కళకి, చరిత్ర వివరించడానికి మినహాయింపు ఉంది. ఇక్కడి వేలం కేటలాగుల్లో స్వస్తిక్ మీద చిన్న స్టిక్కరు కనిపిస్తుంది, దానికోసమే. ఎవరైనా జర్మనీ ప్రయాణంలో ఇలాంటివి కొంటే చొక్కాకి పెట్టుకుని వీధిలో తిరగకండి, విమానాశ్రయంలో తీసి చూపించుకోకండి.

చరిత్ర_టీచరమ్మ (కర్నూలు)

ఇంతవరకూ మౌనంగా చదివాను. నాకొక అభ్యంతరం ఉంది, నేరుగానే చెప్తాను.

లోహం, పూత, అంకె బాగా వివరించారు. కానీ ఈ సైన్యం ఏం చేసిందో ఒక్కరూ రాయలేదు. అదే సైన్యానికి 1944 జనవరి 30న ఇంకో బ్యాడ్జి పెట్టారు, పార్టిజాన్ల మీద, అంటే ఆక్రమణను ఎదిరించిన గెరిల్లాల మీద పోరాటానికని. బహు తలల పాములోకి దిగిన కత్తి దాని బొమ్మ. 20 రోజులకు కంచు రంగు, 50 రోజులకు వెండి, 100 రోజులకు బంగారు. ఆ 'పోరాటం' పేరుతో బెలారస్‌లో, యుగోస్లావియాలో ఊళ్లకు ఊళ్లు తగలబెట్టారు. 1943 మార్చి 22న బెలారస్‌లోని ఖతిన్ గ్రామంలో జనాన్ని పాకలోకి తోలి నిప్పుపెట్టారు. 149 మంది చనిపోయారు, వాళ్లలో 75 మంది పిల్లలు. ఈ బ్యాడ్జి ఇప్పుడు సేకర్తల మార్కెట్లో చాలా ఖరీదైనది, అరుదైనదని గొప్పగా చెప్తారు. అరుదు అనే మాట వెనక ఆ పాక ఉంది. అది గుర్తుంచుకోకుండా సేకరించే వాళ్లతో నాకు పేచీ.

పాతసామాను (వరంగల్)

టీచరమ్మ గారూ, మీ మాట నూటికి నూరు పాళ్లు కరెక్టు. నా దగ్గర గా పాము బ్యాడ్జి లేదు, ఎన్నడూ కొనలె, కొన. ఒక పోరడు వచ్చి 'హిట్లర్ సామాను ఉందా అన్నా' అని అడిగితే ఉన్నది గూడ లేదని పంపిస్త. చరిత్ర తెల్సుకునేటందుకు అడిగినోనికి కూసోవెట్టి చూపిస్త. ఎవలు అడుగుతున్నరు, ఎందుకు అడుగుతున్నరు, అది చూడాలె మనం.

బెజవాడ_నాణేలు (విజయవాడ)

అమ్మా, మీ అభ్యంతరాన్ని నెత్తిన పెట్టుకుంటాను. ఒక్కటి చేరుస్తాను. పదాతి దళ దాడి బ్యాడ్జి ఉంది, 1939 డిసెంబరు 20న పెట్టారు. బాయొనెట్ బిగించిన తుపాకీ, పైన గద్ద. ముందు వరసలో, ఆయుధం చేతబట్టి, మూడు వేర్వేరు రోజుల్లో మూడు దాడుల్లో పాల్గొన్నవాడికి. దగ్గరి పోరు క్లాస్ప్ (చొక్కా మీద పెట్టుకునే అడ్డపట్టీ లాంటి బ్యాడ్జి) 1942 నవంబరు 25ది. 15 రోజులకు కంచు, 30కి వెండి, 50కి బంగారు. బంగారుది పొందినట్టు నమోదైనవాళ్లు 600 చిల్లర మందే. ఈ నియమాలన్నీ రోజులు లెక్కపెడతాయి. ఎవరి మీద దాడి, ఏ ఊళ్లో దాడి అన్నది బ్యాడ్జిలో ఉండదు. అది కాగితంలో ఉంటుంది: సైనికుడి సోల్ట్‌బుక్‌లో (జర్మన్ పే బుక్), బ్యాడ్జితో ఇచ్చే ధ్రువపత్రంలో. పత్రం మీద పేరు, యూనిట్, తేదీ, అధికారి సంతకం ఉంటాయి. ఆ యూనిట్ ఆ తేదీకి ఎక్కడుందో వెతికితే మీరడిగిన ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. అందుకే నేను బ్యాడ్జి కన్నా కాగితానికే ఎక్కువ విలువ ఇస్తాను.

కాగితాల్లోనూ మోసం ఉంది. అల్ట్రావయొలెట్ టార్చి వేసి చూడండి. యుద్ధం తర్వాతి కాలపు తెల్లటి కాగితం, దారం నీలంగా వెలుగుతాయి. యుద్ధకాలపు కాగితం మసకగా ఉండిపోతుంది.

చరిత్ర_టీచరమ్మ (కర్నూలు)

కాగితం సంగతి ఒప్పుకుంటాను. నాకు కావలసింది కూడా అదే, వస్తువుతో పాటు వాస్తవం కూడా పక్కనుండాలి. సాపర్ మనవడు గారూ, మీ తాతగారి వైపు కథ కూడా రాయండి. కసీనోలో మద్రాస్ సాపర్స్ చేసిన పని చిన్నదేం కాదు. 1944 ఫిబ్రవరి 24న మిన్యానో దగ్గర మద్రాస్ సాపర్స్‌కి చెందిన సుబేదార్ సుబ్రమణియన్ తోటివాళ్లను కాపాడటానికి మందుపాతర మీద పడుకుని ప్రాణం ఇచ్చారు. ఆయనకు మరణానంతరం బ్రిటిష్ సాహస పతకం జార్జ్ క్రాస్ ఇచ్చారు. మన పిల్లలకు ఇలాంటి పేర్లు చెప్పేవాళ్లేరీ?

సాపర్_మనవడు (విజయనగరం)

టీచరమ్మ గారూ, ఆ పేరు నేను ఇప్పుడే వింటున్నాను. మా పెద్దత్తయ్యకి ఫోన్ చేశాను. ఆవిడకి 80 దాటాయి. తాతయ్య ఆ బ్యాడ్జి ఒక జర్మన్ ఖైదీ దగ్గర సిగరెట్లు ఇచ్చి తీసుకున్నారని చెప్పారట. 'చచ్చినోడి ఒంటి మీంచి తియ్యలేదమ్మా' అని ఒకటికి రెండుసార్లు అనేవారట. ఆ ఖైదీ పేరు కనుక్కునే దారేమైనా ఉందా?

బెజవాడ_నాణేలు (విజయవాడ)

సిగరెట్లకి బ్యాడ్జిలు చేతులు మారడం ఆ రోజుల్లో ఖైదీల శిబిరాల దగ్గర మామూలే, కాబట్టి నమ్మదగ్గ మాటే. నిరూపించలేం అంతే. కాగితం మీద 'పెద్దత్తయ్య చెప్పినది' అని స్పష్టంగా, ఆవిడ మాటల్లోనే రాసిపెట్టండి, తేదీ వేయండి. ఖైదీ పేరు మాత్రం కష్టం. ఈ బ్యాడ్జి మీద సైనికుడి పేరు గానీ నంబరు గానీ వేయరు. పేరు తెలిస్తే బెర్లిన్‌లో పాత సైనికుల రికార్డులున్నాయి, 2019 నుంచి అవి జర్మన్ ఫెడరల్ ఆర్కైవ్స్ కిందికి వచ్చాయి. పేరే తెలియనప్పుడు వాళ్లూ చేయగలిగిందేమీ లేదు. వాడు కనీసం మూడుసార్లు గాయపడ్డాడు, లేదా ఒకేసారి అవయవం పోగొట్టుకున్నాడు. బ్యాడ్జి చెప్పగలిగింది అంతవరకే.

విశాఖ_రవి (విశాఖపట్నం)

దీనికి సంబంధించిందే ఒకటి అడుగుతాను. ఒక అమ్మకందారు నాకు 'ఆజాద్ హింద్ పతకం, నేతాజీ స్వయంగా ఇచ్చినది, జర్మనీలో తయారు' అని ఫొటో పంపాడు. రేటు గట్టిగా చెప్తున్నాడు. నమ్మొచ్చా?

మ్యూనిక్_మాధవి (మ్యూనిక్)

రవిగారూ, ఆగండి. ఈ విషయం మనవాళ్లందరికీ దగ్గరిది కాబట్టి వివరంగా రాస్తాను.

సుభాష్ చంద్రబోస్ 1941 ఏప్రిల్‌లో బెర్లిన్ చేరారు. ఉత్తర ఆఫ్రికాలో జర్మన్లకు, ఇటాలియన్లకు చిక్కిన భారతీయ సైనికుల నుంచి ఫ్రీ ఇండియా లీజియన్ అనే దళం తయారైంది. డ్రెస్డెన్‌కి ఉత్తరాన ఉన్న క్యోనిగ్స్‌బ్రూక్‌లో శిక్షణ ఇచ్చారు. జర్మన్ సైన్యం లెక్కలో అది 950వ రెజిమెంటు. వాళ్ల చేతి మీద కాషాయం, తెలుపు, ఆకుపచ్చ రంగుల గుడ్డ బిళ్ల, మధ్యలో దూకుతున్న పులి, పైన జర్మన్‌లో 'స్వతంత్ర భారత్' అన్న అక్షరాలు ఉండేవి. 1942లో బోస్ కొన్ని పతకాలు ప్రకటించారు: షేర్-ఏ-హింద్, సర్దార్-ఏ-జంగ్, వీర్-ఏ-హింద్, షహీద్-ఏ-భారత్. కొన్నిటికి కత్తులతో, కత్తులు లేకుండా రెండు రూపాలు.

ఇవి తయారుచేసింది వియన్నాలోని రుడాల్ఫ్ సూవాల్ కంపెనీ. చిక్కు అక్కడే ఉంది. యుద్ధం అయ్యాక కూడా ఆ కంపెనీ పతకాల తయారీ కొనసాగించింది, సేకర్తల కోసం పాత డిజైన్లు మళ్లీ కొట్టింది. అదే చోట పుట్టిన వస్తువైనా, యుద్ధకాలంలో లీజియన్ సైనికుడికి ఇచ్చింది వేరు, తర్వాత సేకర్తకు అమ్మింది వేరు. మార్కెట్లో తిరిగేవాటిలో రెండో రకమే ఎక్కువ. కాగితం, ఫొటో, కుటుంబం ఆచూకీ లేకుండా 'నేతాజీ స్వయంగా ఇచ్చినది' అనే మాటకి ఒక్క రూపాయి కూడా అదనంగా కట్టవద్దు. ఆ బట్ట బిళ్లల మీద కూడా అల్ట్రావయొలెట్ పరీక్ష తప్పనిసరి.

పాతసామాను (వరంగల్)

మన హైదరాబాదోడు ఆబిద్ హసన్ గూడ అక్కడ్నే ఉండె కదా మేడమ్.

మ్యూనిక్_మాధవి (మ్యూనిక్)

అవునండి, బాగా గుర్తుచేశారు. జర్మనీలో ఇంజనీరింగ్ చదువుకుంటూ బోస్‌తో చేరారు. 'జై హింద్' నినాదం ఆయనదేనంటారు. 1943 ఫిబ్రవరిలో కీల్ నుంచి యు-180 జలాంతర్గామిలో బోస్‌తో పాటు బయలుదేరిన ఒకే ఒక్క భారతీయుడు ఆయనే. దాని కెప్టెన్ వెర్నర్ మూజెన్‌బెర్గ్. దారిలో ఏప్రిల్ 18న ఆ జలాంతర్గామి కార్బిస్ అనే బ్రిటిష్ ట్యాంకర్ ఓడను ముంచింది. ఏప్రిల్ చివర్లో మడగాస్కర్‌కి అవతల, అలల మధ్య రబ్బరు పడవలో ఇద్దరినీ జపాన్ జలాంతర్గామి ఐ-29లోకి చేర్చారు. యు-180 ఆ తర్వాతి ఏడాది ఆగస్టులో బిస్కే అఖాతంలో మునిగిపోయింది. ఆబిద్ హసన్ స్వతంత్ర భారత్‌లో రాయబారిగా పనిచేసి, 1984లో హైదరాబాద్‌లో కన్నుమూశారు. జలాంతర్గామి బ్యాడ్జి చూసినప్పుడల్లా నాకు ఆ ప్రయాణమే గుర్తొస్తుంది. ఆ బ్యాడ్జి కూడా 1918లో పుట్టి 1939 అక్టోబరులో తిరిగొచ్చిందే.

విశాఖ_రవి (విశాఖపట్నం)

చాలా థ్యాంక్స్ మేడమ్. అమ్మకందారుని కాగితాలు అడిగాను, ఇంకా జవాబు లేదు. కొనడం మానుకున్నాను. సాపర్ మనవడు గారికి భద్రపరచడం గురించి ఒక మాట. మన కోస్తా ఉక్కపోతకి జింకు మీద తెల్లటి పొడి పుడుతుంది. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో పెట్టకండి, వాటి నుంచి వచ్చే ఆవిరి లోహాన్ని తినేస్తుంది. చెక్క డ్రాయరూ వద్దు. ఆమ్లం లేని కాగితంలో చుట్టి, గట్టి మూతున్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. వానాకాలంలో పొట్లాలు మారుస్తూ ఉండండి. పట్టుకునేటప్పుడు చేతి చెమట తగలకుండా నూలు గ్లవ్స్ వేసుకోండి.

బెజవాడ_నాణేలు (విజయవాడ)

రవి చెప్పినవన్నీ పాటించండి. పే బుక్‌ని మాత్రం వేరే డబ్బాలో పెట్టండి. దాని మొదటి పేజీలో తాతగారి ఆర్మీ నంబరు ఉంటుంది, అది చెరిగిపోకముందే స్కాన్ చేయండి. ఆ నంబరుతో బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ (మద్రాస్ సాపర్స్‌కి ఇప్పటి పేరు) రికార్డ్స్ ఆఫీసుకి రాయండి. మనవడినని రుజువు, ఆయన మరణ ధ్రువపత్రం జతచేయండి. ఏ కంపెనీలో ఉన్నారో, ఇటలీలో ఎప్పుడు దిగారో అందులో తెలియవచ్చు. 4వ డివిజన్‌లో మద్రాస్ సాపర్స్ 12వ ఫీల్డ్ కంపెనీ ఉండేది, ముందు అది సరిచూడండి.

సాపర్_మనవడు (విజయనగరం)

పే బుక్ తెరిచి చూశాను. నంబరు చదవడానికి వస్తోంది. కంపెనీ పేరున్న చోట సిరా అలికిపోయింది, 1 తర్వాతి అంకె 2 లాగే ఉంది కానీ ఖాయంగా చెప్పలేను. స్కాన్ పెడుతున్నాను, మీ కళ్లతో కూడా చూడండి. రికార్డ్స్ ఆఫీసుకి ఉత్తరం ఇవాళే రాస్తాను. పెద్దత్తయ్య చెప్పిన మాటలు ఆవిడ గొంతుతోనే రికార్డు చేయడానికి ఆదివారం బొబ్బిలి వెళ్తున్నాను.